చెప్పు కరిచేది ఎముకనా?

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ప్రొఫెసరుగారి కంటబడ్డాయి ఎక్స్‌రేలు. నెలన్నర తిరక్కుండా భార్య చేతిని ఫొటో తీసి చూపించారు. అందులో ఉన్నవి వేలి ఎముకలూ, ఓ ఉంగరమూ. నా చావు నేనే చూసుకున్నానని ఆవిడ హడలిపోయారట. మా ఇంట్లో అయితే ముందు "ఉంగరం ఒక్కటేనా?" అనే ప్రశ్న వచ్చేది.

ఆయన పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ డబ్బు కూడా విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. ఆయన వద్దనుకున్న వ్యాపారం మిగతావాళ్ళకి ముద్దొచ్చింది. 1896లోనే ఎక్స్‌రేలు చొరబడని లోదుస్తులు అమ్ముతామని లండన్ కంపెనీ ఒకటి ప్రకటన వేసింది. వీధిన పోయేవాడు యంత్రం పట్టుకుని ఏం చూసేస్తాడోనని జనం బెంగ. కనపడేది పక్కటెముకలే కదా, వాటికి సిగ్గెందుకో!

ఎడిసన్ దగ్గర ఈ కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ, చేతులు కాలి, కోయించుకుని, 1904లో పోయాడు. ఎడిసన్ భయపడి ఆ పనే మానేశాడు. ఇంత తెలిశాక కూడా ఆ యంత్రం ఎక్కడ తేలిందనుకున్నారు? చెప్పుల కొట్లో.

జాకబ్ లో అనే బోస్టన్ డాక్టరు మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల పాదాలను బూటు విప్పకుండానే చూసే ఏర్పాటు చేశాడు. యుద్ధం అయిపోయింది, యంత్రం మిగిలింది. 1920లో దాన్ని చెప్పుల వ్యాపారులకు చూపించాడు. చెక్క బీరువాలాంటి పెట్టె. కింద పాదాలు దూర్చడానికి సందు, దాని అడుగున ఎక్స్‌రే గొట్టం. పైన చూడ్డానికి మూడు కన్నాలు: పిల్లాడికొకటి, తల్లికొకటి, సేల్స్‌మన్‌కొకటి. కొనేవాడూ, డబ్బిచ్చేదీ, పుచ్చుకునేవాడూ ముగ్గురూ ఒకేసారి వంగి, ఆకుపచ్చ వెలుగులో వేళ్ళ ఎముకలు కదలడం చూసేవారు. 1950ల మొదట్లో అమెరికాలో ఇలాంటివి పది వేల దాకా ఉండేవట. పిల్లలు బూట్లు కొనకపోయినా వచ్చి, కాళ్ళు పెట్టి వేళ్ళాడించి పోయేవారు. నేనక్కడ పుట్టి ఉంటే నేనూ అదే పని.

మా అమ్మ దగ్గర ఆ యంత్రం లేదు, బొటనవేలుంది. బూటు ముందు భాగం మీద ఒక్క నొక్కు నొక్కి, "పెరిగే కాలు బాబూ, ఇంకో సైజు పెద్దది తియ్యి" అనేది. ఆ ఏడాది నేను బూట్లతో నడవలేదు, బూట్లే నన్ను ఈడ్చుకెళ్ళాయి. అయినా ఆవిడ పద్ధతే శాస్త్రీయం. చెప్పు కరిచేది మడమ మీద చర్మాన్ని, చిటికెన వేలి కండని. ఆ యంత్రం స్పష్టంగా చూపించేది ఎముకల్ని, బూటు మేకుల్ని. కరిచే చోటు వదిలేసి మిగతాదంతా చూపించేదన్నమాట!

పిల్లాడు ఎప్పుడో ఓసారి కాళ్ళు పెడితే, కొట్లో గుమాస్తా రోజంతా ఆ పెట్టె పక్కనే నిలబడేవాడు. కిరణాలు బయటికీ కారేవి. 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వీటిని నిషేధించింది, మిగతా రాష్ట్రాలు మెల్లిగా కళ్ళు తెరిచాయి. ఇప్పుడు కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి. ప్లగ్గు పీకే ఉంచారనుకుంటాను.