కథ అయిదు పేజీలు మించరాదు: సటీకా తాత్పర్యము

అవతారిక: వారపత్రికలో కథల పోటీ ప్రకటన వెలువడినది. పాన్‌గల్ కోట కింద కాపురముండు రచయిత యొకడు నలువది పేజీలు రాసుకొని, దానిని కథ యనవలెనో నవలిక యనవలెనో తేలక తల పట్టుకొని యున్నాడు. అట్టివారి హితము గోరి ఈ టీక.

మూలము:
కథ అయిదు పేజీలు మించరాదు. హామీపత్రము జతపరచవలెను. రచనలు తిప్పి పంపబడవు.

టీక:
కథ = కథానిక యని గ్రహింపవలెను. అగ్నిపురాణము గద్యకావ్యమును ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక యని అయిదు విధములుగా చెప్పినది. పేజీల మాట ఎత్తలేదు; ఆ ఋషికి పోస్టు ఖర్చు లేదు.
అయిదు పేజీలు = ఎవరి చేతిరాతలో నను శంక కలదు. గుమ్మడికాయలంతేసి అక్షరములవానికిది గల్పిక, ఆవగింజ రాతవానికి నవలిక.
మించరాదు = మించినచో కత్తెర సంపాదకునిది, కన్నీరు రచయితది.
హామీపత్రము = ఇది నా సొంతము, అనువాదము కాదు, అనుకరణ కాదు అను ప్రమాణము.
తిప్పి పంపబడవు = నకలు ఉంచుకొనుమని ధ్వని.

శంక: పేజీలు వలదు, పదములు లెక్కింతమందురా?
సమాధానము: అమెరికాలో నెబ్యులా పురస్కారమువారు 7,500 పదముల లోపు కథ, 17,500 లోపు పెద్దకథ, 40,000 లోపు నవలిక, ఆపైన నవల యని గిరి గీసిరి. వారి లెక్కన 39,999 పదముల నవలికకు "అయ్యో" అని చేర్చినచో నవలయగును. తెలుగున అంతకన్న సుళువు. "వస్తాను అని అన్నాడు" మూడు పదములు, "వస్తానన్నాడు" ఒక్కటే. సంధి తెలిసినవాడు కథకుడు, తెలియనివాడు నవలాకారుడు!

విశేషములు: కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి నవల యను మాటకు కొత్తదనము మీదుగా వ్యుత్పత్తి చెప్పెను గాని పొడుగు మీదుగా కాదు. పొడుగు జూచి నవలిక యనదగిన కాళీపట్నం రామారావు "యజ్ఞం" కథగానే "యజ్ఞంతో తొమ్మిది" సంపుటిలో చేరినది. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారము ఆ సంపుటికే దక్కినది. తెలంగాణలో కవులు లేరన్నవారికి గద్వాల సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో "గోలకొండ కవుల సంచిక"లో 354 మందిని చూపెను. లెక్క అక్కరకు వచ్చునది అచ్చట, కథకు కాదు.

తాత్పర్యము: కూర్చున్నవాడు లేవకముందే కథ ముగియవలెనని 1842లో ఎడ్గార్ అలన్ పో భావము. దానికి పాన్‌గల్ పాఠాంతరము: వనపర్తి బస్సు దిగేలోగా ముగిసేది కథ, దిగవలసిన చోటు దాటించేది మంచి కథ, తిరుగు బస్సుకూ మిగిలేది నవల.

ఫలశ్రుతి: అన్నా, నలభై పేజీలను అయిదుకు నరకకు. అనుబంధ నవల పోటీ ప్రకటన పడేదాకా ఆగు. జిరాక్సు మాత్రం తీసి పెట్టుకో.