గుంత చూపించు, ఓసీ పట్టుకెళ్లు

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఉంది. ఉన్నట్టు ప్లానులో గీత ఉంది, గీత మీద ముద్ర ఉంది, ముద్ర మీద సంతకం ఉంది. ఇన్ని ఉన్నాక గుంత కూడా ఉండాలనడం అత్యాశే.

ఒకప్పుడు నిజంగానే ఉండేది. నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కోసం ఫొటో తీసిన రోజు బిల్డరు దాని పక్కన పెళ్లికొడుకులా నిలబడ్డాడు. పెళ్లయిన మర్నాడు అద్దె నగలు ఎటు పోతాయో గుంతా అటే పోయింది. ఇప్పుడక్కడ పార్కింగ్ టైల్స్, వాటి మీద రెండో అంతస్తు వాళ్ల కారు. మేడ మీంచి దిగే పైపు ఆ మూలకు పోదు, గేటు కింద నుంచి తిన్నగా రోడ్డెక్కుతుంది. ఇదేమిటని వాచ్‌మన్‌ని అడిగితే, "గుంతల నీళ్లు పడితే సెల్లారు గోడ చెమ్మ పడ్తది సార్, బిల్డర్ సారే బంద్ చేయించిండు" అన్నాడు.

చట్టాన్ని తప్పు పట్టలేం. వాన నీటిని ఇంకించాలనే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. ఓసీ వచ్చేదాకా కట్టినదాంట్లో 10 శాతం కార్పొరేషన్‌కు తాకట్టు పెట్టించుకునే పద్ధతీ ఉంది. చిన్న ఇళ్లకైతే 2020 నుంచి స్వీయ ధ్రువీకరణ. మన పరీక్ష మనమే రాసుకుని, మనమే దిద్దుకుని, మనమే ఫస్టు రావచ్చు.

పోనీ, గుంత ఉందనే అనుకుందాం. మేడ 400 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటలో 50 మిల్లీమీటర్లు దంచితే 20 వేల లీటర్లు. మన గుంత ఉత్తిగా ఉన్నా పట్టేది 1,800 లీటర్లు, రాళ్లు నింపాక అదీ లేదు. ఏదో కాస్త ఇంకుతుంది, కాదనను. ఏనుగు దాహానికి ఉద్ధరిణెడు తీర్థం. 2020 అక్టోబరు 13న బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసినప్పుడు ఈ కాగితపు గుంతలన్నీ ఏం తాగాయో ఫైళ్లు విప్పి చూడాలి.

రోడ్డెక్కిన నీళ్లు ఊరికే పోవు. ఎండాకాలమంతా పేరుకున్న ఇంజనాయిలు, టైర్ల పొడి, పాన్ ఉమ్ములు, కుక్కల ప్రసాదాలు తొలి వానతో కలిసి నాలాలో పడతాయి. నాలా అంటే కాగితం మీద వాన కాలువే. మురుగు పైపుల లెక్క జలమండలిది, నాలాల లెక్క కార్పొరేషన్‌ది. శాఖలు రెండూ ఏ మీటింగులో కలుస్తాయో తెలియదు గానీ వాటి నీళ్లు మాత్రం మా వీధి మ్యాన్‌హోల్ దగ్గరే కలుస్తాయి. అక్కడి నుంచి ప్రయాణం హుస్సేన్‌సాగర్‌కో మూసీకో. 1562లో కట్టిన ఆ చెరువు నీళ్లు ఒకప్పుడు ఊరంతా తాగేదంటే మా పిల్లలు నన్ను అదోలా చూస్తారు. ధరణి నగర్ కాలనీ వాళ్లకైతే వాన పడితే నాలా నుంచి తెల్లటి నురగ గుమ్మం దాకా వస్తుంది. మంచు చూడాలంటే కులూ మనాలీ దాకా పోనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చెప్పినది విని ముందు నవ్వొచ్చింది. అక్కడ వాన కాలువ నీళ్లను వాగులోకి వదలాలంటే నగరమే పర్మిట్ తీసుకోవాలట. 1990 నుంచి పెద్ద నగరాలకు ఇదే నిబంధన, అయిదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. కాలువలోకి మురుగు ఎవరు కలుపుతున్నారో ఆ నగరమే వెతికి పట్టుకోవాలి. ఇక్కడ పర్మిషన్ అడిగేది గుంతనే. నాలాని ఎవడడుగుతాడు?

మొన్న అసోసియేషన్ మీటింగులో గుంత మళ్లీ తవ్విద్దామన్నాను. "మనకు ఓసీ ఉంది కదండీ!" అన్నారు ప్రెసిడెంట్ గారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అదే రాత్రి వాన. సెల్లారులో మోకాలి లోతు నీళ్లు. మోటారు పెట్టి తెల్లార్లూ రోడ్డు మీదికి తోడారు. బోరులో మాత్రం చుక్క లేదు. పొద్దున ఏడింటికి నీళ్ల ట్యాంకరు వచ్చింది, మేం తోడి పోసిన నీళ్లను చిమ్ముకుంటూ.