ఫ్లైట్ ఎక్కేలోగా పుట్టుమచ్చ మాయం

శంషాబాద్‌లో ఇల్లు పెట్టుకుని పక్కవాడికి సలహా చెప్పకపోతే పాపం. 2008లో బేగంపేట నుంచి విమానాలు మా ఊరికి మారినప్పటి నుంచీ దుబాయ్ పోయేవాళ్ళు, డల్లాస్ పోయేవాళ్ళు మా గుమ్మం ముందు నుంచే పోతున్నారు. ఆవకాయ చెకిన్‌లో వేయాలా, చేతిసంచిలో పెట్టుకోవాలా అన్నది మొదలు అన్నీ నన్నే అడుగుతారు. ఈమధ్య ఎక్కువగా అడిగేది మాత్రం ఇది: "అన్నా, మొఖం మీద ఈ పుట్టుమచ్చ తీయించుకుంటే ఏమన్నయితదా?" ఏమీ కాదు. నా ఎడమ చెంప మీదిది నేను తీయించుకోలేదా? అనుభవం మీద చెబుతున్నా, రాసుకోండి.

ముందు ముహూర్తం. నెలా రెండు నెలల ముందు తీయించుకుంటే పక్కు రాలుతుంది, కొత్త చర్మం వస్తుంది, ఎరుపు తగ్గుతుంది, చివరికి ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుంది. ఖర్చు పెట్టింది నలుగురికీ కనపడొద్దూ? ప్రయాణానికి రెండు రోజుల ముందు పెట్టుకోండి. ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చోకండి. దగ్గరే కదా, ముచ్చింతల్ వెళ్ళి మిట్టమధ్యాహ్నం సమతామూర్తిని చూడండి. విగ్రహం 216 అడుగులు. తలెత్తి చూస్తుంటే చెంపలకి ఎండ తగిలినంత బాగా ఇంకెక్కడా తగలదు. మన చామనచాయలో పచ్చిపుండుకి ఎండ తగిలితే అక్కడ నల్లమరక పడి నెలల తరబడి ఉంటుంది. సన్‌స్క్రీన్ డబ్బులు మిగులుతాయి. మచ్చ చింత తీరి ముచ్చింతల్ మరక దక్కుతుంది.

ఇక ఎవరి దగ్గర తీయించుకోవాలి? గోడ మీద ఎండీ డెర్మటాలజీ అనో, డీడీవీఎల్ అనో పట్టా తగిలించుకున్నవాళ్ళ జోలికి పోకండి. వాళ్ళు ముందు మచ్చని అద్దం పెట్టి చూస్తారు. ఎప్పటి నుంచి ఉంది, పెరిగిందా, దురదుందా, దెబ్బ తగలకుండానే నెత్తురొచ్చిందా, ఇంట్లో ఎవరికైనా గాయం మానాక కండ ఉబ్బిందా అని పెళ్ళిచూపుల్లో కూడా అడగనన్ని అడుగుతారు. ఆ తర్వాత మత్తుసూది వేసి పావుగంటలో తీసి పంపేస్తారు. అంత సులువుగా అయిపోయేదానికి డాక్టరెందుకు? నేను మా వీధి పార్లర్‌కే పోయాను. మా ఆవిడ ఐబ్రోస్ చేయించుకుంటుంటే పక్క కుర్చీలో కూర్చుని, "అక్కా, ఇది కూడా తీస్తవా?" అన్నాను. "గదెంత సేపు అన్నా!" అంది. కరెంటు సూదితో కాల్చింది. పైనున్నది రాలింది, అడుగున కొంచెం మిగిలింది.

మిగిలినదానికి వంటిల్లుంది. తాంబూలం సున్నంలో చాకలిసోడా కలిపి పుల్లతో పెట్టండి. ఆ రెండూ తడిలో కలిస్తే కాస్టిక్ సోడా పుడుతుందని మా అమ్మాయి కెమిస్ట్రీ పుస్తకం తెచ్చి చూపించింది. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. ఆసిడ్ కన్నా క్షారం చర్మంలోకి లోతుగా దిగుతుందట. దిగితేనే కదా వేళ్ళతో సహా వచ్చేది! నా చెంప మీద సెనగగింజంత గుంట అలా వచ్చిందే. సున్నం దొరక్కపోతే జీడిగింజ రసం. చాకలి పెట్టిన జీడి గుర్తు ఎన్ని ఉతుకులకీ పోదు, మీ మొహం మీద మాత్రం ఎందుకు పోతుంది? ఒకాయన పులిపిరి వేరు, పుట్టుమచ్చ వేరు అన్నాడు. పులిపిరి వైరస్ వల్ల వస్తుందట, పుట్టుమచ్చ రంగు కణాల గుంపట. రెండూ నల్లగానే ఉన్నాయి కదా అన్నాను. మాట్లాడకుండా పోయాడు.

కాగితాల భయం కొందరిది. డిజియాత్ర కెమెరాకి మీ మచ్చతో పనిలేదు. దాని అవసరం టెన్త్ మెమోకి. మా హెడ్మాస్టరు వరసలో నిలబెట్టి, చొక్కా కాలర్లు జరిపి, ఒక్కొక్కడి ఒంటి మీదా రెండేసి గుర్తులు వెతికి రాశాడు. నా దాంట్లో మొదటిది "ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ చీక్". అడిగితే గుంట చూపిస్తాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. మచ్చని గమనిస్తూ కూర్చోకండి. రెండు పక్కలూ ఒకేలా లేదని, అంచు గరుకుగా ఉందని, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నాయని, ఆరు మిల్లీమీటర్లు దాటిందని, అంటే పెన్సిల్ వెనక రబ్బరంత అయిందని, ఈమధ్య మారుతోందని భయపడేవాళ్ళకి రాత్రి నిద్రుండదు. నల్లచర్మానికి మెలనోమా అరుదంటారు, అదొక్కటీ గుర్తుపెట్టుకోండి. వచ్చినప్పుడు తరచు అరికాల్లోనో గోరు కిందో వస్తుందన్నది మర్చిపోండి. మొహం మీద వచ్చే ఇంకో రకం కేన్సరు మనవాళ్ళలో అచ్చం పుట్టుమచ్చలా నల్లగా మెరుస్తుందన్నది అసలు వినకండి.

తీసిన ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి పరీక్షకి పంపుతామంటే ఒప్పుకోకండి. దానికి వేరే బిల్లు. లేజరుతో కాల్చేస్తే పంపడానికి ముక్కే ఉండదు, పొగ తప్ప. నాది పార్లర్ చెత్తబుట్టలో, దారప్పోగులతో పాటు పోయింది.

ఆ గుంటలో ఇప్పుడు మళ్ళీ నల్లగా వస్తోంది. సగం తీసిన మచ్చ తిరిగొస్తే మామూలుదైనా మైక్రోస్కోపు కింద కేన్సరులాగే కనపడొచ్చట, కాబట్టి మొదటి ముక్క చాలా అవసరమట. ఈ సంగతి పోయిన వారం ఆసుపత్రిలో తెలిసింది. ఆరాంఘర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి వెళ్ళాను. డాక్టరమ్మ గుంట చూసి, నా మొహం చూసి, "అప్పుడు తీసిన ముక్క రిపోర్టు ఏదండీ?" అంది.

బయాప్సీ చేశారు. పది రోజులాగి రమ్మన్నారు.