సోమలింగం కామిక్జ్ అండ్ గేమ్జ్

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. ఆ సోమలింగం తండ్రి ఎంత బుద్ధిమంతుడో తెలియాలంటే, హైదరాబాదులో కామిక్సు, బోర్డు గేముల దుకాణం పెట్టబోయే కుర్రవాళ్లను చూడాలి. ఆయన పేరేదో ఒక్కపూటలో తేల్చేశాడు. న్యూమరాలజిస్టు దగ్గరికి పోలేదు, లోగో గీయించలేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పోల్ పెట్టలేదు. వీళ్లు మాత్రం అరల సంగతి వడ్రంగితో మాట్లాడకముందే, సరుకు ఎవరిస్తారో కనుక్కోకముందే, పేరు కోసం తపస్సుకు కూర్చుంటున్నారు.

తపస్సులో మొదటి మెట్టు న్యూమరాలజీ. బోర్డు మీద ఒక అక్షరం అటూ ఇటూ అయితే గల్లాపెట్టె నిండదట. సరే, లెక్కే చూద్దాం. 'కామిక్స్' అని ఇంగ్లీషులో రాసి, కాల్డియన్ పద్ధతిలో అక్షరాలకు అంకెలు వేసి కూడితే 21 వస్తుంది. రెండూ ఒకటీ మూడు. మూడంటే గురువు, దివ్యంగా ఉంది. అదే మాటను పైథాగరస్ పేరుతో చెలామణీ అయ్యే పద్ధతిలో కూడితే 26. రెండూ ఆరూ ఎనిమిది. ఎనిమిదంటే శని. దుకాణం ఒకటే, బోర్డు ఒకటే. కూకట్‌పల్లిలో చూపిస్తే గురుబలం, దిల్‌సుఖ్‌నగర్‌లో చూపిస్తే శని పీడ.

దీనికి విరుగుడు ఉంది. చివరి 'ఎస్' పీకేసి 'జెడ్' తగిలించడం. అలా చేస్తే రెండో పద్ధతిలో మొత్తం 33 అవుతుంది, శని వెళ్లిపోయి శుక్రుడొస్తాడు. కానీ మొదటి పద్ధతిలో అది 25 అయి, గురువు లేచిపోయి కేతువు కూర్చుంటాడు. ఒక్క అక్షరంతో రెండు గ్రహాలకు బదిలీ ఉత్తర్వులు తెచ్చే పలుకుబడి మంత్రిగారి పీఏకి కూడా లేదు. ఇంకో విశేషం, ఈ లెక్కలన్నీ ఇంగ్లీషు స్పెల్లింగుకే. బోర్డు మీద తెలుగులో రాసిన పేరు జోలికి ఏ గ్రహమూ రాదు. వాటికి తెలుగు చదవడం రాదు కాబోలు.

రెండో మెట్టు పదాల వేట. గది పది బై పన్నెండు, ముందో షట్టరు, పక్కనే పానీపూరీ బండి. పేరు 'మల్టీవర్స్'. అంతకన్నా చిన్న గది దొరికితే 'గెలాక్సీ'. కొందరికి 'సూపర్ హీరో' అన్న మాట లేనిదే నిద్రపట్టదు. డీసీ, మార్వెల్ కంపెనీలు రెండూ కలిసి అమెరికాలో ఆ మాటను దశాబ్దాలపాటు ట్రేడ్‌మార్కు చేసి దాచుకున్నాయి. 2024లో అక్కడి ట్రేడ్‌మార్కు బోర్డు ఆ హక్కును రద్దు చేసింది. రెండు కంపెనీల చెర విడిపించుకుని వచ్చిన ఆ మాటకు మన షట్టరు మీద మళ్లీ యావజ్జీవం పడుతోంది. ఇంకొందరు 'గేమ్స్ క్లబ్' అంటామంటారు. ఆన్‌లైన్ రమ్మీని సైతం 2017లోనే నిషేధించిన తెలంగాణలో ఆ పేరు పెట్టండి. మొదటి వారం పేకాటరాయుళ్లు వస్తారు, రెండో వారం వాళ్లను వెతుక్కుంటూ పోలీసులు వస్తారు. చదరంగం బల్ల కోసం రావలసిన పిల్లవాడిని వాళ్లమ్మ ఆ వీధిలోకే రానివ్వదు.

మూడో మెట్టు భాషాభిమానం. 'పాతాళదుర్గం' అని పెడదామంటాడొకడు, కాదు 'జ్వాలాద్వీపం' అంటాడు ఇంకొకడు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన సీరియళ్ల పేర్లు అవి. నాకూ ప్రాణమే. కానీ లోపలికి వెళ్లి చూస్తే జపాన్ మాంగా ఇంగ్లీషులో, అమెరికా కామిక్సు ఇంగ్లీషులో, ఆఖరికి మన అమర చిత్రకథ కూడా ఇంగ్లీషులోనే. తెలుగు పుస్తకం కావాలని ఏ పిల్లవాడైనా అడిగితే, బయటికి వెళ్లి బోర్డు చదువుకోమని పంపాలి.

పేరే దుకాణాన్ని నడిపిస్తుందంటే బయటి దేశాల సాక్ష్యం చూడండి. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు ఆటల చెక్కపలకలు చేసి అమ్మడం మొదలెట్టారు. వాటిలో మన వామనగుంటలకు చుట్టమైన మంకాలా ఉంది, మన దాడి ఆటకు తోబుట్టువనదగిన ఆటా ఉంది. ఆటల పలకలు చేసే పని కాబట్టి 'గేమ్స్ వర్క్‌షాప్' అని పెట్టుకుని పనిలో పడ్డారు. ఆ సంస్థ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ మార్కెట్లో తొలి నూరు కంపెనీల సూచీలోకి చేరింది. న్యూయార్క్‌లో 1997లో తెరిచిన 'మిడ్‌టౌన్ కామిక్స్' తన పేటపేరే పెట్టుకుంది. మన లెక్కలో 'అమీర్‌పేట కామిక్స్' అన్నమాట. ఆ పేరు చెబితే మన కుర్రవాళ్లు ముఖం చిట్లిస్తారు. 1978లో లండన్‌లోనే వచ్చిన 'ఫర్‌బిడెన్ ప్లానెట్' ఒక పాత సినిమా పేరు పెట్టుకున్న మాట నిజమే. వాళ్లు గ్రహాన్ని బోర్డు మీదే ఉంచారు, స్పెల్లింగులోకి దూరనివ్వలేదు.

అంత దూరం దేనికి, ఆదివారం ఆబిడ్స్‌కు రండి. మూసి ఉన్న దుకాణాల ముందు పేవ్‌మెంట్ మీద పుస్తకాలు పరుస్తారు. పాత చందమామల కోసం, చిరిగిన ఇంద్రజాల్ కామిక్సు కోసం అక్కడ బేరాలాడేవాళ్లను చూడండి. ఆ అంగళ్లకు బోర్డు లేదు, లోగో లేదు, అసలు పేరే లేదు. ఏ గ్రహం పట్టిందో వాళ్లెవరూ చూపించుకోలేదు. ఎవరి దగ్గర ఏ పుస్తకం దొరుకుతుందో కొనేవాళ్లకు తెలుసు.

కాబట్టి నాయనలారా, న్యూమరాలజిస్టుకు ఇవ్వదలచిన ఫీజుతో ఒక బల్ల, నాలుగు కుర్చీలు కొనండి. ప్రతి ఆటదీ ఒక పెట్టె సీలు విప్పి పెట్టి, కొనే ముందు ఆడి చూసుకోనివ్వండి. ఒక అర తెలుగు పుస్తకాలకు వదలండి. బోర్డు మీద మీ పేట పేరు రాసి షట్టరు ఎత్తండి. అసలు పేరు మీ వీధి పిల్లలు పెడతారు, ఖర్చు లేకుండా.