లగ్జరీ మంచం

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ప్రైవేటు హాస్టళ్ల ప్రచారం కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద సాగుతుంది. కరపత్రంలో పేరు ముందు ‘లగ్జరీ’ తప్పనిసరి. ఇక్కడ అద్దెకిచ్చేది గది కాదు, మంచం. రేటు ‘షేరింగ్’ను బట్టి ఉంటుంది: ఇద్దరైతే ఎక్కువ, ఐదుగురైతే తక్కువ. ‘విశాలమైన గదులు’ అన్న మాట మంచాలు వేయకముందు అక్షరసత్యం.

‘ఇంటి భోజనం’ అంటే ఓనరు తన ఇంట్లో తినని భోజనం. పొద్దున ఉప్మా, రాత్రి నీళ్ల సాంబారు. ఆదివారం చికెన్ ఉంటుంది. ఎవరైనా సొంతంగా వడ్డించుకుంటారేమోనని గరిటె మాత్రం వంటమనిషి చేయి దాటదు. ‘24 గంటలూ వేడినీళ్లు’ మే నెలలో నూటికి నూరుపాళ్లు నిజం. ఆ పని డాబా మీది ట్యాంకే చూసుకుంటుంది. వైఫై పాస్‌వర్డ్ అందరికీ అందుతుంది, సిగ్నల్ మెట్ల దాకే వస్తుంది.

కరపత్రంలో కనిపించని పద్దు అడ్వాన్సు. ఖాళీ చేసే రోజున అందులోంచి ‘మెయింటెనెన్స్’ కింద కొంత కోస్తారు. నెల ముందు చెప్పకపోతే మొత్తం గోవిందా. కాలేజీ ఆవరణ బయటి హాస్టళ్లలో కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారికి, నెలకు రూ.20,000 దాకా వసతి ఛార్జీపై పన్ను మినహాయించాలని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి సిఫార్సు చేసింది. మెయింటెనెన్స్ కోతకు మాత్రం ఏ మండలీ మినహాయింపు ఇవ్వలేదు.