ఒక కంచుకొమ్ము ఆత్మకథ

క్రీ.పూ. 338లో రోమనులు అంటియం పట్టణపు యుద్ధనౌకలను పట్టుకొనినప్పుడు, శత్రునౌకల ప్రక్కలు చీల్చుటకై ఆ యుద్ధనౌకల ముందుభాగమున తొడిగియుండిన నన్నును నా తోడివారిని ఊడదీసి, రోము నగరపు ప్రజాకూడలియైన ఫోరంలోని వక్తృవేదికకు అలంకారముగా బిగించిరి. నాటినుండి సముద్రఘోషకు మారుగా జనఘోష వినుట నా వృత్తి అయ్యెను. నాపై నిలిచి ప్రసంగించినవారు ఎందరో. నా మనస్సునకు హత్తుకొన్నవాడు మాత్రము మార్కస్ టలియస్ సిసిరో.

అతడు క్రీ.పూ. 106లో అర్పినం అను కొండయూర పుట్టినవాడు. ఆ వంశమున అంతకుముందు ఎవ్వరును రోము అత్యున్నత పదవియైన కాన్సలు పదవి నెరుగరు, వెనుక సేనాబలము లేదు. ఉన్నదెల్ల కంఠము, ధర్మశాస్త్రజ్ఞానము, అలుపెరుగని శ్రమ. సిసిలీ ప్రజలను దోచిన గవర్నరు వెర్రెస్ క్రీ.పూ. 70లో ఇతని అభియోగధాటికి తాళలేక తీర్పు వెలువడకమున్నే రోము విడిచిపోయెను.

క్రీ.పూ. 63లో కాన్సలై, ప్రభుత్వమును కూలద్రోయజూచిన కాటిలీను కుట్రను బయలుపరచి, పట్టుబడిన ఐదుగురిని విచారణ లేకుండ చంపించెను. ఆ పనిని నేనిప్పటికిని సమర్థింపజాలను. పౌరుని ప్రాణము ప్రజల తీర్పు లేక తీయరాదన్న ధర్మమును ప్రజల వేదికనైన నేనెట్లు మరతును? అయినను, పదవి వీడుదినమున అతడు ప్రజలకు విన్నవింపబోగా, మెటెలస్ నెపోస్ అను ట్రిబ్యూను, అనగా ప్రజాప్రతినిధి, అడ్డగించి, ప్రమాణము మాత్రము చేసి దిగిపొమ్మన్నప్పుడు, సిసిరో వాడుకలోని ప్రమాణవాక్యమును విడిచి, ఈ ప్రజారాజ్యమును కాపాడితినని ఎలుగెత్తి ప్రమాణము చేయగా, క్రింద నిలిచిన జనులందరును అది సత్యమని తామును ప్రమాణము చేసిరి. అంతటి ఘోషను నేను మరల వినలేదు.

విచారణలేని ఆ మరణదండనమే అతనిని క్రీ.పూ. 58లో ప్రవాసమునకు పంపినది. మరుసటి యేడు ప్రజలే మరల పిలిపించిరి. రోము సర్వాధికారి సీజరు హతుడైన పిదప, అరువదేండ్లు దాటిన ఆ వృద్ధుడు, సీజరు అనుచరుడైన ఆంటనీ నిరంకుశత్వమును ఖండించుచు 14 ప్రసంగములు రచించెను. అధికారమును చేజిక్కించుకొన్న ఆంటనీ, ఆక్టేవియను, లెపిడస్ కలిసి చాటించిన వధ్యుల పట్టికలో అతని పేరుండెను. క్రీ.పూ. 43 డిసెంబరు 7న ఫార్మియే సమీపమున పల్లకిలో పోవుచుండగా సైనికులతని శిరస్సు ఖండించిరి. ఆ శిరస్సును, ఆ ప్రసంగములు వ్రాసిన చేతిని తెచ్చి నౌకాముఖములమైన మాపైననే ప్రదర్శించిరి. ఏ కంఠము వినుటకై జనము వచ్చుచుండెనో, ఆ కంఠము తెగిన శిరస్సును చూచుటకై వారే వచ్చి నిలుచుట నాకు భరింపరాని దుఃఖమయ్యెను.

క్రీ.పూ. 30లో, ఆంటనీ మరణించిన యేట, సిసిరో కుమారుడు మార్కస్ కాన్సలు పదవి నందెను. ఆ కాలముననే సెనేటు ఆంటనీ విగ్రహములను తొలగించి, అతని వంశమున ఇక నెవ్వరును మార్కస్ అను పేరు పెట్టుకొనరాదని శాసించెను.