కిటికీ రసీదుకు టీకా తాత్పర్యము

మూలము: “నల్లమల అసలు టేకు కిటికీలు ఆరు. మెయింటెనెన్సు నిల్. జీవితకాల గ్యారంటీ.”

అవతారిక: ఈ గ్రంథము గద్వాలలోని ఒక కట్టెల దుకాణమున గులాబీరంగు రసీదుపై అవతరించినది. వెనుక గద్వాల సంస్థానమున పండితులకు ఏటేటా వార్షికములు ముట్టెడివి. ఇప్పుడు పండితుడే ముట్టజెప్పవలెను, అదియు అడ్వాన్సుగా. మెదకుసీమ కొల్చారమువాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి అక్కరలేనిది వ్రాయనని ఒట్టు పెట్టుకొన్నాడు. ఆయన ఇంటికి కిటికీలు ఎవరు చేసిరో కాని, నాకట్టి నిగ్రహము లేదు.

ఆరు: స్పష్టము. (వచ్చినవి ఐదు.)

నల్లమల: నాగర్‌కర్నూలు వైపు నల్లమలలో ఉన్నది అమ్రాబాదు పులుల అభయారణ్యము. ఇట శంక: కట్టె అచటిదైతే దొంగసొత్తు, కాకున్న కల్ల. గ్యారంటీ దేనికి? సమాధానము: ఇది ధ్వని. ‘నల్ల’ అనునది వార్నిషు రంగును సూచించుచున్నది.

టేకు: చెట్టు నడుమనుండు ముదురు చెక్కకు చేవ అని పేరు. చెద దానిని అంత తేలికగా ముట్టదు. చేవ చుట్టునుండు తెల్లచెక్క మాత్రము చెదకు పెండ్లిభోజనము. లేతచెట్టును కొట్టినచో తెల్లచెక్కయే ఎక్కువ. దానికి గోధుమరంగు పూసి చేవగా చెలామణి చేయుట అపహ్నవాలంకారము. వనపర్తిలో మా మేనమామ ఇంటి కిటికీలు పెరటి వేపకర్రవి. ఎవరును వానిని పొగడలేదు, అవి చెడనూ లేదు.

కిటికీ: సంస్కృతమున గవాక్షము, అనగా ఆవుకన్ను. ‘గో’లోని ఓకారము ‘అవ’గా మారి, ‘అక్ష’తో కలిసినది. ఈ మార్పును పాణిని స్ఫోటాయనుడను ఆచార్యుని పేర చెప్పెను (6-1-123). సుమారు నాలుగువేల సూత్రములలో ఆ పెద్దాయన పేరు వచ్చినది ఈ ఒక్కచోటనే. మామూలుగా ఈ మార్పు చేయవచ్చును, మానవచ్చును. గవాక్షమునకు మాత్రము తప్పదని వ్యాఖ్యాతల నిర్ణయము. వాతాయనమన్నచో గాలిత్రోవ. ఇంగ్లీషువారి విండో పుట్టినది పాత నార్సులోని ‘గాలికన్ను’ నుండి. ఆవుకన్నేమి, గాలికన్నేమి, కన్నన్న పిదప రెప్ప పడవలెను గదా! సంధికి వికృతి సందు. కిటికీకి సంధి నిత్యమని వైయాకరణులు తేల్చినారు. నా కిటికీకి నిత్యమైనది సందు.

మెయింటెనెన్సు నిల్: ఇక్కడ గ్రాంథికం నాకు చేతకాదు. కట్టె వానకాలం తేమ తాగి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకాలం కుంచించుకుపోతుంది. పొడుగులో మార్పు దాదాపు ఉండదు. అన్నిటికన్నా ఎక్కువ నీళ్లు పీల్చేది అడ్డంగా కోసిన చివర. రెక్క బిగించేశాక రంగు వేస్తే కింది అంచుకు కుంచె అందదు. ఎవరికీ కనబడదు కాబట్టి పచ్చిగానే వదిలేస్తారు. నీళ్లు నిలిచేది అక్కడే! బిగించకముందే నాలుగు అంచులకూ ప్రైమరు పూయడానికి ఎంత సేపు పడుతుంది? వాన నీళ్లు బయటికి జారేలా గట్టుకు కొంచెం వాలు ఇస్తే ఏం పోతుంది? ఎండలు ముదిరేలోపు ఏడాదికోసారి అవిసెనూనె పట్టించమని ఒక్క మాట చెబితే కొననని పారిపోతానా? వడ్లాయనను పిలిస్తే రెక్క మీద తట్టి, “ఇప్పుడు చిత్రిక పట్టొద్దు సారూ, ఎండకాలం బల్లి దూరే సందు పడ్తది. కట్టె ఆరినంక చూద్దాం” అన్నాడు. దుకాణంలో ఇంత నిజం ఎవరూ చెప్పలేదు.

జీవితకాల: ఎవని జీవితకాలము? కొన్నవానిదా, అమ్మినవానిదా, కిటికీదా? దుకాణపు బోర్డు మారుటచే రెండవ పక్షము వీగిపోయినది. రెక్క అడుగున పుట్టిన మట్టిగూడును చూడగా, ఉద్దిష్టజీవి చెదరాణి అని తోచుచున్నది.

తాత్పర్యము: శ్రావణము. జల్లు పడమటినుండి కొట్టుచున్నది. ఉబ్బిన రెక్క చౌకట్టులోనికి పోక వ్రేలెడు ఎడముగా నిలిచినది. మూలమును నాలుగు మడతలు పెట్టి అందు దూర్చితిని, చాలలేదు. టీక కొంత లావుగా ఉన్నది.